మూడు కుక్కలు, ఒకే ట్యూబు

తెలుగులో మనిషిని నిలువునా తీసిపారేయాలంటే "గజ్జి కుక్క" అంటే చాలు. తిట్టుగా ఆ మాటకు తిరుగులేదు. రోగం పేరుగా మాత్రం అది బొత్తిగా పనికిరాదు. ఈ సంగతి నాకు ఒక జూలై ఉదయం పశువుల ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు తెలిసింది.

రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. బల్ల పక్కన మూడు కుక్కలు వరసలో ఉన్నాయి. మొదటిది ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొబ్బరి తాడు కట్టి తెచ్చిన వీధికుక్క, పేరు ఎర్రోడు. మూడేళ్లుంటాయి. కూర్చున్న పావుగంటలో అది గోక్కోకుండా నిమిషం ఉన్నది లేదు. చెవుల అంచుల్లో జుట్టు పోయి, అట్టల్లాగా పక్కులు కట్టాయి. మోచేతుల దగ్గర, వెనక కాళ్ల మడమల దగ్గర, పొట్ట కింద అదే తీరు.

రెండోది ఐదు నెలల ఆడ పిల్ల, చిట్టి. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. కంటి చుట్టూ, మూతి పక్కన, ముందు కాళ్ల మీద, వీపు మీద పది పన్నెండు చోట్ల రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయింది. అయినా అది ఒక్కసారి కూడా గోక్కోలేదు. హాయిగా నిద్రపోతోంది.

మూడోది కారు దిగి వచ్చిన రెండేళ్ల లాబ్రడార్, బ్రూనో. వచ్చినప్పటి నుంచి ముందు కాళ్ల వేళ్ల సందులు నాకుతూనే ఉంది. నాకీ నాకీ అక్కడి మీగడ రంగు జుట్టు ఇటుక రంగుకు తిరిగింది.

డాక్టరమ్మ ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగింది, ఏమైందని. ముగ్గురూ ఒకే జవాబు చెప్పారు: "గజ్జి, మేడమ్." ఇప్పటిదాకా ఏం రాశారని అడిగితే, ఒకరు చొక్కా జేబులోంచి, ఒకరు పర్సులోంచి, ఒకరు కారు డాష్‌బోర్డులోంచి మందు ట్యూబు తీశారు. పేర్లు వేరు, లోపలి సరుకు ఒకటే. ఒక స్టెరాయిడ్, ఒక బూజు మందు, ఒక యాంటీబయాటిక్ కలిపిన క్రీము. మందుల షాపులో "కుక్కకు గజ్జి" అంటే చీటీ అడక్కుండా చేతిలో పెట్టేది అదే.

మూడు కుక్కలకూ ఉన్నవి మూడు వేర్వేరు జబ్బులు. ఆ ఒక్క ట్యూబు మూడింటికీ మూడు రకాలుగా చెరుపు చేసింది. ఎలాగన్నదే ఈ అధ్యాయం.

చర్మానికి తెలిసిన మాటలు కొన్నే

కుక్క చర్మం చూడ్డానికి మొరటుగా అనిపిస్తుంది గానీ, నిజానికి మన చర్మం కంటే పలచన. మన పైపొరలో పది పదిహేను వరసల కణాలుంటే, కుక్కకు జుట్టున్న చోట మూడు నుంచి ఐదు వరసలే. దాని అసలు గొడుగు జుట్టు. మనకు ఒక్కో రంధ్రంలోంచి మహా అయితే రెండు మూడు వెంట్రుకలు వస్తాయి. కుక్కకు ఒక్కో రంధ్రంలోంచి ఓ కుచ్చే వస్తుంది. మన చర్మం ఆమ్ల గుణం వైపు మొగ్గి ఉంటుంది, పీహెచ్ 5.5 దరిదాపుల్లో. కుక్కది తటస్థానికి దగ్గర, 7 అటూ ఇటూ. మన సబ్బులు, షాంపూలు మన చర్మాన్ని లెక్కలోకి తీసుకుని చేసినవి కాబట్టి కుక్కకు అంతగా నప్పవు. చర్మాన్నీ జుట్టునూ కలిపి తూస్తే కుక్క బరువులో 12 నుంచి 24 శాతం దాకా తూగుతాయి. పిల్లల్లో ఈ వాటా ఎక్కువ, పెరిగేకొద్దీ తగ్గుతుంది.

ఇంత పెద్ద అవయవానికి బాధ చెప్పుకోవడానికి ఉన్న మాటలు మాత్రం అయిదారే. దురద, ఎరుపు, పొక్కు, పొట్టు రాలడం, జుట్టు ఊడటం, నల్లబడి మందం కట్టడం. పురుగు కుట్టినా ఇవే. బూజు పట్టినా ఇవే. తిన్నది పడకపోయినా, ఒంట్లో హార్మోన్లు తప్పినా ఇవే. అందువల్ల చర్మాన్ని చూసి "ఏదో ఉంది" అని చెప్పొచ్చు గానీ, "ఇదే" అని చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా కష్టం.

ఈ చిక్కు మన రైతుకు కొత్త కాదు. మిరప తోటలో ఆకు ముడుచుకుంటే అతను వెంటనే మందు డబ్బా ఎత్తడు. ముడత పైకా, కిందికా అని చూస్తాడు. పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. దాని మందు వేరు, దీని మందు వేరు. ఒకదాని మందు రెండోదానికి కొడితే డబ్బు దండగ, తోటా దండగ. మిరపాకును అంత జాగ్రత్తగా చూసే మనం, ఇంట్లో కుక్క చర్మం దగ్గరికొచ్చేసరికి ముడతలన్నిటికీ ఒకే పేరు పెట్టేశాం.

డాక్టరమ్మ చేసింది ఆ రైతు పనే. ఒంటి మీద చెయ్యి వేయకముందే నాలుగు ప్రశ్నలు అడిగింది. మొదలైనప్పుడు వయసెంత? ముందు దురద వచ్చిందా, ముందు జుట్టు ఊడిందా? ఒంటి మీద ఎక్కడెక్కడ ఉంది? ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా? నాలుగో ప్రశ్నకు వాచ్‌మన్ కాస్త సిగ్గుపడి, లుంగీ బిగించే చోట నడుము చూపించాడు. వరసగా ఎర్రటి దద్దుర్లు. "చెమటకాయలేమో అనుకున్నా మేడమ్" అన్నాడు.

ఎర్రోడు: సొరంగం తవ్వే పురుగు

డాక్టరమ్మ ఎర్రోడి చెవి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చెవిని చెవికే రుద్దింది. వెంటనే ఆ పక్క వెనక కాలు దానంతటదే లేచి గాల్లో గోకడం మొదలుపెట్టింది. రుద్దడం ఆపితే కాలు ఆగింది. మళ్లీ రుద్దితే మళ్లీ లేచింది. ఇది ఆట కాదు, పరీక్ష. సార్కోప్టిస్ అనే మైట్ పట్టిన కుక్కల్లో ఎక్కువ భాగం ఇలాగే కాలు ఆడిస్తాయి. అసలైన గజ్జి అంటూ ఒకటి ఉంటే అది ఇదే.

మైట్ అంటే పురుగు అంటాం గానీ దానికి ఎనిమిది కాళ్లు, అది సాలీడుకూ పిడుదుకూ చుట్టం. మిరప తోటలోని తెల్లనల్లి కూడా ఆ వంశానిదే. సార్కోప్టిస్ ఆడది చాలా చిన్నది. 0.3 నుంచి 0.4 మిల్లీమీటరు ఉంటుంది. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ, దారి పొడవునా గుడ్లు పెట్టుకుంటూ పోతుంది. రెండు మూడు వారాల్లో ఆ గుడ్లు మళ్లీ పెద్ద మైట్లవుతాయి. దురద తెచ్చేది తవ్వకం ఒక్కటే కాదు. మైట్ ఒంటి మీది పదార్థాలు, దాని మలం శరీరానికి పడక అలర్జీ పుడుతుంది. పదుల సంఖ్యలో మైట్లు చాలు, కుక్క పిచ్చెత్తినట్టు గోక్కోవడానికి. జుట్టు పలచగా ఉండే చెవి అంచులు, మోచేతులు, మడమలు, పొట్ట దీనికి ఇష్టమైన చోట్లు. ఎర్రోడి ఒంటి మీది పటం సరిగ్గా అదే.

డాక్టరమ్మ బ్లేడు మీద ఒక చుక్క పారాఫిన్ నూనె వేసి, చెవి అంచున పక్కు కట్టిన చోట గీకింది. గీకిందంతా గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఒకచోట ఏమీ లేదు. రెండోచోటా ఏమీ లేదు. మూడోచోట, మోచేతి దగ్గర గీకినదానిలో, గుండ్రటి తాబేలు లాంటిది ఒకటి పొట్టి కాళ్లు కదిలిస్తూ కనిపించింది.

ఇన్నిచోట్ల ఎందుకు గీకాలి అనడానికి ఒక పాత కథ ఉంది. 1687లో ఇటలీలోని లివోర్నోలో జొవాన్నీ కోసిమో బొనోమో అనే వైద్యుడు, డియాచింతో చెస్టోనీ అనే మందుల తయారీదారు మనుషుల గజ్జికి కారణమైన ఈ మైట్‌ను సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మ గీసి, ఫ్రాన్చెస్కో రెడీకి లేఖగా రాశారు. పేద ఇళ్లలో తల్లులు గజ్జి పట్టిన పిల్లల చర్మంలోంచి సూదిమొనతో ఏవో చిన్న బుడిపెలు తీయడం గమనించడమే వాళ్ల పరిశోధనకు మొదలు. అయినా ఆ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్లు పెద్ద వైద్యులు దాన్ని గట్టిగా నమ్మలేదు. వాళ్లు చీము పొక్కుల్లో వెతికారు, మైట్ దొరకలేదు. 1834లో కోర్సికా నుంచి వచ్చిన రెనూచీ అనే విద్యార్థి పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో, తమ ఊరి ఆడవాళ్లు చేసే పద్ధతిలోనే, అందరి ముందూ సూదితో మైట్‌ను తీసి చూపించాడు. అది ఉండేది పొక్కులో కాదు, సొరంగం చివర.

కుక్కల్లో ఇది ఇప్పటికీ నిజం. ఎంత గీకినా సగానికి సగం కేసుల్లో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కేసుల్లో మైట్ కంటపడదు. అందుకే కుక్కల వైద్యంలో ఒక నియమం ఉంది: చెవి అంచు, మోచేయి, విపరీతమైన దురద, ఇంట్లో మనుషులకు దద్దుర్లు కలిసి కనిపిస్తే, పలక మీద మైట్ దొరక్కపోయినా మైట్ మందు ఇచ్చి చూస్తారు. మందుకు దురద తగ్గితే అదే రుజువు.

వాచ్‌మన్ నడుము సంగతి. కుక్క సార్కోప్టిస్ మనిషి మీదికి వస్తుంది, కుడుతుంది, దురద పెడుతుంది. కానీ మన చర్మంలో సంసారం పెట్టలేదు. కుక్కకు వైద్యం చేసి, అది పడుకునే గోనెపట్టా, బట్టలు వేడినీళ్లలో ఉతికితే కొద్ది వారాల్లో మనిషి దద్దుర్లు వాటంతటవే పోతాయి. మనుషుల గజ్జి మైట్ వేరే రకం, అది ఇలా పోదు. దద్దుర్లు తగ్గకపోతే మనుషుల డాక్టరుకు చూపించుకోవాలి.

మరి ఎర్రోడికి ట్యూబు చేసిన చెరుపు? స్టెరాయిడ్ దురదను నొక్కేసింది. రెండు రోజులు కుక్క నెమ్మదించింది, వాచ్‌మన్ కుదుటపడ్డాడు. మైట్లు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. నెల గడిచింది. ఈలోగా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఇంకో రెండు కుక్కలకు అంటుకుంది.

చిట్టి: తల్లి ఇచ్చిన అద్దెవాళ్లు

చిట్టి దగ్గర డాక్టరమ్మ చెవి రుద్దలేదు. మూతి పక్కన జుట్టు ఊడిన చోట చర్మాన్ని రెండు వేళ్లతో గట్టిగా పిండి, బ్లేడుతో సన్నగా నెత్తురు చెమ్మ కనిపించేదాకా గీకింది. అమ్మాయి కళ్లు మూసుకుంది. పలకను మైక్రోస్కోప్ కింద పెట్టగానే ఆమెను పిలిచి చూపించింది. సన్నగా, పొడుగ్గా, చుట్టలాగా ఉన్న జీవులు. ముందు భాగంలోనే నాలుగు జతల పొట్టి కాళ్లు, వెనకంతా తోక. ఒకటి కాదు రెండు కాదు, చూసినచోటల్లా ఉన్నాయి. పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటాయేమో.

ఇది డెమోడెక్స్. వెంట్రుక మొలిచే రంధ్రంలో తలకిందులుగా దిగి బతుకుతుంది. చర్మాన్ని పిండితే గానీ రంధ్రంలోంచి బయటికి రాదు కాబట్టే ఆ పిండటం. వింతేమంటే, ఇది దాదాపు ప్రతి ఆరోగ్యమైన కుక్క ఒంటి మీదా కొద్ది సంఖ్యలో ఉంటుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో, పాలు తాగుతూ తల్లికి అతుక్కుని పడుకున్నప్పుడు మూతి ద్వారా వస్తుంది. అందుకే జుట్టు ముందుగా ఊడేది మూతి దగ్గర, కంటి చుట్టూ, ముందు కాళ్ల మీద. కుక్క రోగనిరోధక శక్తి వీటి సంఖ్యను అదుపులో పెడుతూ ఉంటుంది. కొన్ని పిల్లల్లో ఆ అదుపు తప్పుతుంది, ఇందులో వంశపారంపర్యం పాలు పెద్దది. అద్దెకున్నవాళ్లు ఇల్లంతా ఆక్రమించేస్తారు.

ఒకటి నుంచి మూడు నాలుగు మచ్చలతో ఆగిపోతే, చాలా పిల్లల్లో ఏ మందూ లేకుండానే నెల రెండు నెలల్లో తగ్గిపోతుంది. పిల్లకు మంచి తిండి పెట్టి, కడుపులో పాముల మందు వేసి ఓపిక పట్టడమే. చిట్టికి మొదట ఉన్నవి రెండే మచ్చలు. మూడు వారాలు ట్యూబు రాశాక పన్నెండయ్యాయి. స్టెరాయిడ్ పని రోగనిరోధక శక్తిని అణచడం. ఇక్కడ కొరతే ఆ శక్తిది. దొంగ పడ్డ ఇంట్లో కాపలాదారును కూడా పంపించేసినట్టయింది.

మూడు మాటలు డాక్టరమ్మ అమ్మాయి వెంట వచ్చిన తల్లికి గట్టిగా చెప్పింది. ఇది మనుషులకు అంటదు, పిల్ల అమ్మాయి ఒళ్లో పడుకోవచ్చు. ఇక స్టెరాయిడ్ క్రీముగానైనా, సూదిగానైనా వద్దు. పెద్దయ్యాక దీనికి ఈతలు వద్దు, ఆపరేషన్ చేయించండి. ఎందుకంటే ఈ బలహీనత పిల్లలకు పోతుంది. పెద్ద కుక్కకు ఉన్నట్టుండి డెమోడెక్స్ ముంచుకొస్తే కథ వేరు. లోపల ఏదో పెద్ద జబ్బు దాక్కుని ఉందేమో, లేదా ఎవరైనా నెలల తరబడి స్టెరాయిడ్ వాడారేమో వెతకాలి.

మైట్‌ను చంపి కుక్కను వదిలే మందు

మైట్లకు మందుల చరిత్రలో పెద్ద మలుపు ఒక మట్టి ముద్దలోంచి వచ్చింది. జపాన్‌లోని ఇటో దగ్గర, కవానా గోల్ఫ్ మైదానం పరిసరాల నుంచి సతోషి ఒమురా సేకరించిన మట్టిలో ఒక బాక్టీరియా దొరికింది. దాని నుంచి తీసిన పదార్థాన్ని అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ బృందం మందుగా మలిచింది. అదే ఐవర్‌మెక్టిన్. 1981లో పశువుల మందుగా మార్కెట్లోకి వచ్చింది. మనుషుల్లో నదీ అంధత్వం లాంటి జబ్బులకు కూడా ఉపయోగపడటంతో ఆ ఇద్దరికీ 2015 నోబెల్ బహుమతి దక్కింది.

ఈ మందు పురుగుల నరాల్లో, కండరాల్లో ఉండే కొన్ని క్లోరైడ్ ద్వారాలను తెరిచి పట్టుకుంటుంది. పురుగు చచ్చుబడిపోతుంది. కుక్కలో అలాంటి ద్వారాలు లేవు. వాటిని పోలినవి మెదడులో ఉన్నాయి గానీ, మెదడు గుమ్మం దగ్గర ఒక ప్రొటీను కాపలా ఉండి, లోపలికి చొరబడ్డ మందును పట్టుకుని బయటికి నెట్టేస్తుంది. మందు కుక్కకు క్షేమం కావడమంతా ఆ కాపలా మీదే ఆధారపడి ఉంది.

కోలీ జాతి కుక్కలు కొన్ని ఈ మందుకు తూలి, చొంగ కార్చి, వణికి, స్పృహ తప్పి చనిపోవడం 1980ల్లోనే గమనించారు. కారణం 2001లో తేలింది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కత్రీనా మీలీ బృందం ఆ కుక్కల్లో ఎండీఆర్1 అనే జన్యువులో నాలుగు అక్షరాలు లోపించినట్టు కనిపెట్టింది. నాలుగు అక్షరాలు పోయేసరికి కాపలా ప్రొటీను తయారే కావడం లేదు. గుమ్మం బార్లా తెరిచి ఉంది. కోలీలు, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లు, వాటి సంకరాల్లో ఈ లోపం ఎక్కువ.

మన దగ్గర ఇంకో ప్రమాదం కొలతది. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిమందులో ఒక్క మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. గుండె పురుగు రాకుండా కుక్కకు నెలనెలా ఇచ్చే మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములు. పది కిలోల కుక్క లెక్కన ఆ ఒక్క మిల్లీలీటరులో అలాంటి మోతాదులు నూట అరవైకి పైగా పడతాయి. గజ్జికి మోతాదు దానికంటే చాలా ఎక్కువే గానీ, దాన్ని బరువు తూచి, జాతి చూసి, డెమోడెక్స్‌కైతే కొద్దికొద్దిగా పెంచుతూ డాక్టరు ఇవ్వాలి. గేదె కోసం తెచ్చిన సీసాలో మిగిలింది కుక్కకు పొడిచేయడం చేతికందిన తుపాకీ పేల్చడం లాంటిది.

2013, 2014ల్లో ఐసోక్సాజోలిన్లు అనే కొత్త తరగతి మందులు వచ్చాయి. అఫోక్సోలానర్, ఫ్లురలానర్, ఆ తర్వాత సారోలానర్. ఇవి నమిలే మాత్రలు. మొదట పిడుదులకూ, ఫ్లీలనే గెంతే పురుగులకూ వచ్చినవే, రెండు రకాల గజ్జి మైట్ల మీదా అద్భుతంగా పనిచేస్తాయని త్వరలోనే తేలింది. కొన్ని నెలకోసారి ఇస్తే సరిపోతుంది, ఫ్లురలానర్ మూడు నెలల దాకా పిడుదుల్ని ఆపుతుంది. వీటికీ ఒక హెచ్చరిక ఉంది. కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ చెప్పింది. ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన కుక్కయితే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఎర్రోడికీ చిట్టికీ రాసింది ఈ తరగతి మాత్రలే. పేరు లేని "గజ్జి"కి కాదు, పేరు తెలిసిన మైట్లకు. ఎర్రోడితో తిరిగే మిగతా రెండు కుక్కలకు కూడా ఇవ్వాలని చెప్పారు.

బ్రూనో: పురుగు లేని దురద

బ్రూనో కేసు అన్నిటికంటే ఆలస్యమైంది. దీన్ని గీకితే ఏ మైటూ దొరకలేదు. డాక్టరమ్మ ముందు ఫ్లీల సంగతి తేల్చింది. సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలకల్ని తడి తెల్లకాగితం మీద వేసింది. ఫ్లీల మలమైతే అవి తాగిన నెత్తురు కరిగి, చుట్టూ ఎర్రమట్టి రంగు మరక పాకుతుంది. మరక రాలేదు, అది మట్టే. ఫ్లీ కనిపించకపోయినంత మాత్రాన లేదనుకోకూడదు. ఆడ ఫ్లీ రోజుకు నలభై యాభై గుడ్లు పెడుతుంది. అవి జారి చాప మీద, సోఫా సందుల్లో పడతాయి. ఫ్లీల సంతతిలో కుక్క ఒంటి మీద ఉండేది చిన్న వాటా, మిగతాదంతా గుడ్లుగా, లార్వాలుగా, గూళ్లుగా ఇంట్లోనే ఉంటుంది. లాలాజలానికి అలర్జీ ఉన్న కుక్కకు నాలుగు కాట్లు చాలు. కానీ వాటి దురద నడుము, తోక మొదలు, తొడల వెనక ఉంటుంది. బ్రూనో నాకేది పాదాలు. చెవుల లోపల, చంకల్లో, గజ్జల్లో ఎరుపు ఉంది. మొదలైంది ఏడాది వయసులో. పోయిన ఏడు వానాకాలంలో వచ్చి చలికాలంలో తగ్గింది, మళ్లీ వచ్చింది.

తర్వాతి అనుమానం తిండి. యజమాని గట్టిగా అడ్డుపడ్డాడు. "చిన్నప్పటి నుంచి చికెన్, పెరుగన్నమే మేడమ్. కొత్తగా ఏం పెట్టలేదు." ఆహార అలర్జీ గురించి జనంలో ఉన్న పెద్ద అపోహ ఇదే. అలర్జీ కొత్త తిండికి కాదు, రోజూ తినే తిండికే పుడుతుంది. 2016లో వచ్చిన ఒక సమీక్షలో, ఆహార అలర్జీ ఉన్న 297 కుక్కల లెక్కలు చూస్తే, గొడ్డు మాంసం 34 శాతం కుక్కలకు, పాల పదార్థాలు 17 శాతానికి, కోడి 15 శాతానికి, గోధుమ 13 శాతానికి పడలేదు. దీన్ని తేల్చే రక్తపరీక్ష నమ్మదగ్గది లేదు. ఎనిమిది వారాలు కుక్క ఎప్పుడూ తినని మాంసమో, ప్రొటీనును ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టిన ప్రత్యేక తిండో పెట్టి, దురద తగ్గిందా చూసి, మళ్లీ పాత తిండి పెట్టి దురద తిరగబెడుతుందా చూడాలి. ఆ ఎనిమిది వారాల్లో పక్కింటి బామ్మగారు ప్రేమగా వేసే ఒక్క బిస్కెట్టు పరీక్షను మొదటికి తెస్తుంది.

బ్రూనోకు తిండి మార్పుతో ఫలితం కనిపించలేదు. అన్నీ కొట్టేశాక మిగిలింది అటోపీ. ఇంటి దుమ్ములోని మైట్లు, పుప్పొడి, బూజు లాంటి మామూలు పదార్థాలకు చర్మం అతిగా స్పందించడం. ఆరు నెలల నుంచి మూడేళ్ల మధ్య మొదలవుతుంది. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, పగ్‌లు దీనికి ఎక్కువగా గురవుతాయి. పైపొర గోడలో సిమెంటు వదులుగా ఉండటం వల్ల బయటి పదార్థాలు చర్మంలోకి దిగి, రక్షణ కణాలను రెచ్చగొడతాయి. ఆ కణాలు విడుదల చేసే ఐఎల్-31 అనే సంకేతం నేరుగా దురద నరానికి తగులుతుంది. కుక్క గోక్కుంటుంది, గోడ ఇంకా బీటలు వారుతుంది, ఇంకా పదార్థాలు దిగుతాయి.

ఆ బీటల్లోకి ఇంట్లో ఉన్నవాళ్లే చొరబడతారు. స్టెఫిలోకోకస్ సూడింటర్‌మీడియస్ అనే బాక్టీరియా, మలసీజియా అనే ఈస్టు ఆరోగ్యమైన కుక్క మీద కూడా ఉంటాయి. అదను చూసి మొదటిది పొక్కులు, చీము తెస్తుంది. రెండోది జిడ్డు, పుల్లటి వాసన, చెవిలో గోధుమరంగు గుబిలి, ఏనుగు తోలులా నల్లబడ్డ చర్మం తెస్తుంది. బ్రూనో వేళ్ల మధ్య పారదర్శక టేపు అంటించి తీసి, రంగు వేసి చూస్తే వేరుశనగ కాయల ఆకారంలో ఈస్టు కణాలు గుంపులుగా కనిపించాయి. వాటికి మందు క్లోర్‌హెక్సిడిన్, యాంటీఫంగల్ కలిసిన షాంపూ. దీన్ని పూసి వెంటనే కడిగేస్తే ఉపయోగం లేదు. నురుగు చర్మం మీద పది నిమిషాలు నిలవాలి. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. కుక్క విదిలిస్తుంది, మనిషి తడుస్తాడు, నీళ్లు కుమ్మరించేస్తాడు. పైపైన ఉన్న చీముకు యాంటీబయాటిక్ మాత్రలకంటే ఈ పద్ధతి మేలు, ఎందుకంటే మాత్రలకు లొంగని స్టెఫిలోకోకస్ రకాలు ఇప్పుడు పెరిగిపోయాయి.

అటోపీ పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు. 2013లో వచ్చిన ఓక్లసిటినిబ్ మాత్ర ఐఎల్-31 సంకేతాన్ని కణం లోపల ఆపుతుంది. ఆ సంకేతాన్నే దారిలో పట్టేసే లొకివెట్‌మాబ్ అనే ప్రతిరక్షక సూది ఒకసారి వేస్తే నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. ఖర్చు తక్కువైన స్టెరాయిడ్ మాత్రలు కూడా కొద్ది రోజులకు మంచివే. బ్రూనో యజమాని తప్పు స్టెరాయిడ్ వాడటం కాదు. ఏడాది పాటు, కారణం వెతక్కుండా, వేళ్ల సందుల్లో రాస్తూ పోవడం. చర్మం పలచబడింది, క్రీములో సగం కుక్క నాలుకకే పోయింది.

ఆ మూడింటిలో లేనివి

వరండాలో ఆ రోజు కనిపించని జబ్బులు ఇంకా ఉన్నాయి. గుండ్రంగా జుట్టు విరిగి, అంచుల్లో పొట్టు రాలితే తామర కావచ్చు. అది బూజు, మనుషులకూ అంటుతుంది. వుడ్స్ దీపం కింద ఆకుపచ్చగా మెరిస్తే మైక్రోస్పోరమ్ కేనిస్ అనే రకం. మెరవకపోయినంత మాత్రాన తామర కాదని చెప్పలేం. వానాకాలంలో దట్టమైన జుట్టున్న కుక్కకు గంటల్లోనే అరచేయంత పచ్చిపుండు పడితే, జుట్టు కత్తిరించి ఆరనివ్వడం సగం వైద్యం. దురద ఏమాత్రం లేకుండా రెండు పక్కలా ఒకే తీరున జుట్టు పలచబడితే, కుక్క లావెక్కి మందకొడిగా ఉంటే థైరాయిడ్ చూడాలి. విపరీతంగా నీళ్లు తాగుతూ పొట్ట వేలాడితే కుషింగ్స్ జబ్బు సంగతి తేల్చాలి.

పిడుదులది చర్మంతో ఆగే కథ కాదు. మన వైపు కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు పెరిగే మూడు దశల్లోనూ నెత్తురు తాగి, కిందికి దిగి, గోడ బీటల్లో దాక్కుంటుంది. అక్కడే వేల గుడ్లు పెడుతుంది. కుక్క మీద మందు రాసి గోడల్ని వదిలేస్తే వారంలో మళ్లీ వస్తాయి. వీటి కాటుతో ఎర్లీకియా, బబీసియా అనే రోగక్రిములు నెత్తుట్లోకి పోతాయి. పిడుదులు పట్టిన కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, జ్వరంతో ముడుచుకుంటే చర్మం సంగతి పక్కనపెట్టి రక్తపరీక్షకు పరుగెత్తాలి.

చేయకూడనివి కూడా చెప్పుకోవాలి. గజ్జికి కాల్చిన ఇంజిన్ ఆయిల్ పూయడం, కిరోసిన్ పట్టించడం, ఫినాయిలు నీళ్లతో కడగడం మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. చర్మం కాలుతుంది, మిగిలింది కుక్క నాకి కడుపులోకి దించుకుంటుంది. కుక్కల పిడుదు మందుల్లో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం. ఒకే ఇంట్లో రెండూ ఉంటే ఆ డబ్బా మీది అక్షరాలు చదవాల్సిందే.

పలక మీద ఇంకొకటి

నేను మళ్లీ ఆ ఆసుపత్రికి వెళ్లేసరికి రెండు నెలలు దాటింది. చిట్టిని మొదట గుర్తుపట్టలేదు. మూతి నిండా నున్నటి నల్ల జుట్టు. కంటి చుట్టూ ఉన్న బట్టతల జాడే లేదు. అమ్మాయి తల్లి సంచిలోంచి మందు పెట్టె తీసి, "ఇక ఆపేద్దామా మేడమ్? బాగైపోయింది కదా. మాత్ర ఖరీదు కూడా ఎక్కువే" అంది.

డాక్టరమ్మ ఏమీ అనలేదు. జుట్టు నిండుగా ఉన్న చోటే చర్మం పిండి, గీకి, పలక సిద్ధం చేసి అమ్మాయిని పిలిచింది. అమ్మాయి చాలాసేపు వెతికింది. అక్కడా అక్కడా విరిగిన ముక్కలు. తర్వాత, పలక ఒక మూలన, ఒక్కటంటే ఒక్కటి, కాళ్లు నిదానంగా ఆడిస్తూ.

నెల తేడాతో తీసిన రెండు పలకలు వరసగా ఖాళీగా ఉంటే గానీ మందు ఆపరాదు. మొదట మచ్చను చూసి రోగం పేరు చెప్పబోయినప్పుడు మోసపోయిన కన్నే, జుట్టు చూసి రోగం పోయిందని చెప్పబోయినప్పుడు కూడా మోసపోతుంది. తల్లి అనుమానంగా చూస్తుంటే అమ్మాయి మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండానే చెయ్యి చాచింది.

"అమ్మా, ఇలా రా. నువ్వే చూడు."